రెండొందల ఏళ్ల పాట

హల్ రేవు, 1971. పబ్బు మేడమీద జానపద పాటల క్లబ్బు. కచేరీ మధ్య విరామంలో, వేదిక వెనక గదిలోకి థెల్మా విసురుగా వచ్చింది. పాటగాడు డెరిక్‌ను ఆమె చూసి పదమూడేళ్లయింది.

"నీళ్లు తర్వాత తాగొచ్చు. ముందు ఆ ముసలాడి పేరు చెప్పు."

"థెల్మా! నువ్వా... ఏ ముసలాడు?"

"మొన్న రేడియోలో చెప్పావుగా. ముసలి జాలరి. చచ్చేముందు నీ చెయ్యి పట్టుకుని ఆ పాట నేర్పాడట. రెండొందల ఏళ్ల పాటట! పేరు చెప్పు."

"ముందు కూర్చో. నేనే నీకు ఉత్తరం రాద్దామని—"

"కూర్చోను. మా తమ్ముడు లెన్ పడవ ఐస్‌లాండ్ దగ్గర మంచు పేరుకుని తిరగబడ్డ వారం, చేపలు కోసే బల్ల దగ్గర నిలబడి కట్టాను ఆ పాట. రొట్టె చుట్టిన కాగితం మీద రాశాను. ఎదురుబల్ల దగ్గర ఎవరున్నారు?"

"నేనే. కాదన్నానా?"

"చర్చి హాల్లో మొదట పాడిందెవరు?"

"నువ్వే. నేను టీ పెట్టెకి చీపురుకర్ర, తాడు కట్టి వాయించాను. ఎలా మర్చిపోతాను?"

"బాగానే మర్చిపోయావు. ఆ టీ పెట్టెల సంగీతం, స్కిఫుల్ మోజు జనానికి తీరిపోగానే గిటారు భుజానేసుకుని లండన్ పోయావు. పోతూ పోతూ ఆ పాటతో పాటు మా లెన్‌ని కూడా పట్టుకుపోయావు."

"అక్కడి క్లబ్బుల వాళ్లకి పాత పాటలే కావాలి థెల్మా. నిన్న కట్టిన పాటంటే గుమ్మంలోనే ఆపేస్తారు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఆకలి. ఏదో నోటికొచ్చింది..."

"నోటికొచ్చింది! పదమూడేళ్లుగా వస్తూనే ఉందా? మూడు రికార్డులు, మూడు అట్టల మీదా ఆ ముసలాడే! ఒకదాంట్లో వాడికి గడ్డం కూడా పెట్టావు!"

"గడ్డం నేను పెట్టలేదు. ఆ అట్ట రాసినాయన..."

"పాటలో లెన్ అన్నచోట 'నావికా' అని పెట్టిందెవరు? అదీ ఆయనేనా?"

"...అది నేనే."

"మా అమ్మ రేడియో దగ్గరే కూర్చుందిరా. పేరు వస్తుంది, వచ్చాక ఏడుద్దామని. పేరు రాలేదు. లేచి రేడియో కట్టేసింది."

"థెల్మా, ఒక్క మాట విను—"

"వినను! ఇప్పుడు నువ్వు పైకెక్కి చెప్తావు. ఈ పాట థెల్మాది, పోయింది వాళ్ల తమ్ముడు లెన్ అని. నువ్వు చెప్పకపోతే నేనెక్కి చెప్తాను."

"చెప్పాను."

"ఏంటి?"

"ఇందాకే వేదిక మీద, నువ్వు రాకముందు. ఈ ఊళ్లో నిలబడి ఆ అబద్ధం ఆడలేకపోయాను. ముసలాడు లేడు, గడ్డం లేదు, పాట థెల్మాది అన్నాను. లెన్ పేరు కూడా చెప్పాను."

"...నిజంగానా?"

"నిజంగానే."

"మరి? మరి ఏమన్నారు?"

"వెనక వరసలో ఒక పెద్దాయన లేచాడు. ఈ పాట మా తాత పాడుతుంటే చిన్నప్పుడు విన్నాను, ఎవతో నీచేత అబద్ధమాడిస్తోంది అన్నాడు. హాలంతా లేచి నిలబడి ఆయనకి చప్పట్లు కొట్టింది."