ఎవరి సంతకం

1993. ఉత్తరాది ఫ్యాక్టరీ టౌన్‌షిప్, సెక్టర్ 4 క్వార్టర్లో వదిన పప్పు కడుగుతోంది. లా కాలేజీ నుంచి వచ్చిన ఆడపడుచు చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి దూసుకొచ్చింది.

“వదినా! అబార్షన్‌కి అన్నయ్య సంతకం అక్కర్లేదు!”

“మెల్లగా! మీ అన్నయ్య నైట్ డ్యూటీ దిగొచ్చి పడుకున్నారు.”

“సచ్చీ వదినా, నిజంగా! మా మేడమ్‌ని అడిగాను. జపాన్‌లో అయితే మొగుడు ఒప్పుకోవాలంట. ఐర్లాండులో ఆడోళ్లు ఓడెక్కి ఇంగ్లండు పోవాలంట. పోలండులో మొన్ననే చట్టం బిగించేశారు. మన దగ్గర డాక్టరు సరేనంటే, నువ్వు ఒప్పుకుంటే చాలు!”

“మరి ఆ డాక్టరమ్మ ఆయన్ని తీసుకురమ్మందేటి?”

“అలవాటు. చట్టంలో లేదు.”

రెండో కాన్పుకే వదిన చచ్చి బతికింది. ఇప్పుడు మళ్లీ నెల తప్పింది. ఇంకో బిడ్డను మోయలేనని నెల రోజులుగా భర్తను బతిమాలుతోంది.

“నా మాట సరిపోద్దా? నిజంగానేటి?” వదిన కళ్లు మెరిశాయి.

“కసమ్ సే, ఒట్టు!”

“అయితే రేపు నాతో రా.”

“మళ్లీ అన్నయ్యని అడుగుతావా?”

“ఇంక అడగడమేటి? లేచాక చెప్తాను.”