మూడో అంతస్తు పూలకుండీల అర

మూడంతస్తుల ఇరుకు ఇల్లు. పక్కగోడకి కట్టిన పరంజా మీద, మూడో అంతస్తు ఎత్తున, ఇంటాయనా వడ్రంగి మేస్త్రీ. కాసేపట్లో ఇల్లాలు కూడా.

“అది కాదు మేస్త్రీ, మాట మార్చకు. వీధివైపు ముందు గోడ ఎలా ఉందో ఈ పక్కగోడా అలాగే ఉండాలి కదా?”

“అలాగే ఉంది సార్. అవే షిప్‌లాప్ పలకలు. ఒకదాని అంచు మీదికి ఇంకోటి ఎక్కి కూర్చుంటుంది, చుక్క నీరు లోపలికి దిగదు. నిలువుగా కొట్టమన్నారు, నిలువుగానే కొట్టా. కింద ముదురు రంగు, పైకి పోయేకొద్దీ లేత రంగు. వీధి చివర నుంచి చూస్తే ఇల్లు ఆకాశానికి నిచ్చెన వేసినట్టుంది.”

“నిచ్చెన మాట ఎత్తకు నా దగ్గర.”

“పొరపాటైంది సార్.”

“పక్కనున్న మా తోడల్లుడి ఇంటికంటే ఎత్తుగా కనబడుతోందా లేదా, అది చెప్పు.”

“ఒక జానెడు ఎక్కువే కనబడుతోంది.”

“జానెడేనా?”

“మూరెడు సార్, మూరెడు!”

“సరే, ఇప్పుడిది చూడు. ముందు గోడ మీద పలకల అతుకులు ఒకటి పైనా ఒకటి కిందా వేశావు. అన్నీ ఒకే వరసలో పడితే నీళ్ళు కారతాయని నాకు పాఠం చెప్పింది నువ్వే. మరి ఇక్కడ ఎనిమిది పలకలు ఒకే గీతలో కోశావేంటి?”

“ఎక్కడ సార్?”

“నేను వేలు పెట్టినచోట. కింద కూడా అంతే.”

“అది... అమ్మగారు చెప్పిన డిజైన్ సార్.”

“ఓహో, నాకు తెలీకుండా డిజైన్లు కూడా నడుస్తున్నాయా?”

“అమ్మగారూ! ఓ అమ్మగారూ! ఒక్కసారి ఇలా పైకి రండమ్మా!”

“వచ్చేశా, వచ్చేశా. ఏమైందండీ, పాపం ఆయన్నెందుకు నిలదీస్తున్నారు?”

“ఈ గీత ఏంటి?”

“ఏ గీత?”

“మీరిద్దరూ ఒక బళ్ళోనే చదివారా? అతను ‘ఎక్కడ’ అంటాడు, నువ్వు ‘ఏ గీత’ అంటావు.”

“ఓ, అదా! పొడుగింటికి మధ్యలో ఎక్కడో ఒక అడ్డగీత ఉండాలటండీ. లేకపోతే నిలబెట్టిన అగ్గిపెట్టెలా ఉంటుందట. పుస్తకంలో చూశా.”

“ఏ పుస్తకం?”

“అట్ట చిరిగిపోయింది.”

“ఇక్కడ మన పాత కిటికీ ఉండాలి. నేలదాకా ఉండే కిటికీ. ఎదురుగా ఆ తోడల్లుడి బాల్కనీ నా కంట పడకూడదని, పలకలు కొట్టి మూసెయ్యమన్నాను.”

“మూసేశాడుగా! కనబడుతోందా మీకు?”

“కిటికీ కనబడటం లేదు. ఈ ఇత్తడి ముక్క కనబడుతోంది. ఏంటిది మేస్త్రీ?”

“చెక్క కదా సార్, వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. కాస్త కదలడానికి...”

“కదలడానికి మడతబందు పెట్టావా?”

“ఒక్కటే సార్.”

“మూడున్నాయి. నాకు కళ్ళున్నాయి. మరి కింద ముందుకి పొడుచుకొచ్చిన ఈ బల్ల?”

“పూలకుండీల అర!”

“పూలకుండీల అర సార్!”

“ఇద్దరూ ఒకేసారి అన్నారు, బాగా వల్లె వేశారు. రెండిళ్ళ మధ్య సందు నాలుగడుగులు. ఈ అర మూడున్నర. దీని మీద ఏం పెంచుతావు, ఏనుగునా?”

“అయ్యో, అక్కడ నొక్కకండి!”

“ఎందుకు నొక్కకూడదు?”

“రంగు తడిగా ఉంది సార్!”

“ఎప్పుడో ఆరిపోయింది. ఇదిగో... అరె! గోడ తెరుచుకుందేంటి!”

“మేస్త్రి గారూ, మీరు కాస్త అటు తిరగండి.”

“తిరిగానమ్మా.”

“అవునండీ, తలుపే. ఇప్పుడేమంటారు? మీరూ మా మరిదీ మాట్లాడుకోక రెండేళ్ళు. నాలుగడుగుల అవతల నా చెల్లి ఉంది, దాని ముఖం చూడాలంటే నేను కూరల కొట్టు దగ్గర కాపు కాయాలి. దానికి జ్వరం వచ్చిందని నాకు కొట్టువాడు చెప్పాడండీ! కొట్టువాడు! ఉన్న ఒక్క కిటికీ కూడా మీరు మూయించేస్తే నేనేమైపోవాలి?”

“నన్ను అడగొచ్చుగా?”

“ఎన్నిసార్లు అడిగాను? ‘వాడి గడప తొక్కితే నా గడప తొక్కకు’ అనలేదూ? అందుకే గడప లేని తలుపు పెట్టించుకున్నా.”

“ఆహా, ఏం తెలివి! వాడు నలుగురిలో నన్ను ఏమన్నాడో మర్చిపోయావా? ఇంటికి రంగేస్తూ నిచ్చెన మీంచి వాడంతట వాడు పడి, నేను తోశానన్నాడు! వాణ్ణి వీపు మీద వేసుకుని ఆసుపత్రిదాకా మోసుకెళ్ళిందెవరు?”

“మీరే.”

“నా నడుము ఇప్పటికీ సలుపుతోంది.”

“నొప్పిలో నోరు జారానని అతనూ రోజూ నొచ్చుకుంటున్నాడట. వచ్చి చెప్పడానికి మొహం చెల్లట్లేదట. వీధి గుమ్మంలోంచి వస్తే అందరూ చూస్తారనీ...”

“ఓహో. అంటే ఈ అర మీ అక్కచెల్లెళ్ళ కోసమే కాదన్నమాట.”

“మేస్త్రి గారూ, ఇటు తిరగండి. మీరైనా చెప్పండి.”

“నన్ను లాగకండమ్మా. నేను దిగిపోతా.”

“ఎక్కడికీ పోవద్దు. ముందు నాకిది చెప్పు. ఈ అర ఎంత బరువు ఆపుతుంది?”

“గట్టిదే సార్. అమ్మగారినీ, వాళ్ళ చెల్లెలుగారినీ ఒకరి తర్వాత ఒకరిని నిలబెట్టి చూశా.”

“అప్పుడే నిలబడి చూశారా!”

“నిన్న... మీరు ఆఫీసుకి వెళ్ళాక. చెల్లిని పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో తెలుసా? ఈ అర పీకించెయ్యకండీ, మీకు దండం పెడతా.”

“నువ్వుండు. మేస్త్రీ, కిలోల్లో చెప్పు.”

“డెబ్భై దాకా ఢోకా లేదు సార్.”

“చాలదు. అడుగున ఇంకో రెండు ఊతలు కొట్టు. వాడు తొంభై ఆరు కిలోలు, మోసినవాణ్ణి నాకు తెలీదా? విరిగి కింద పడ్డాడంటే మళ్ళీ నేనే తోశానంటాడు.”