పది మందికి పంపండి

ఆత్రేయపురంలో సూర్యారావు గారి వీధి అరుగు. ఆయన కూతురు వాణికీ, రాజోలు గోవిందరాజులు గారి అబ్బాయి నాగసతీష్‌కీ వచ్చే నెలలో పెళ్ళి. ఆ ఉదయం గోవిందరాజులు గారు చెప్పా పెట్టకుండా వచ్చారు.

"కూర్చోండి బావగారూ. నిలబడే మాట్లాడతారేంటి?"

"పర్లేదండి. ఆ మెసేజి మీరే పంపేరా అని..."

"ఆయ్, నేనేనండి. అందిందన్నమాట. అందరికీ చేరిందో లేదోనని ఒకటే బెంగ."

"అందరికీనా?"

"పది మందికండి. మొదట మీకే పంపేను, కాబోయే వియ్యంకులు కదా అని. తరవాత పురోహితుడు గారికి, గుడి కమిటీ పాపారావు గారికి, మన కొబ్బరికాయలు కొనే షావుకారికి... పూతరేకులు తినండి ముందు. పెళ్ళికి ఇవి చేసినవాళ్ళ చేతే చుట్టిస్తున్నాం."

"తరవాత తింటానండి. చదివే పంపేరా?"

"ఇంగ్లీషు అక్షరాలు మనకెక్కడివండి. పది అంకె మాత్రం కనిపించింది. మురమళ్ళలో స్వామివారి కళ్యాణం చూస్తూ కూర్చున్నాను. సరిగ్గా తలంబ్రాల వేళకి జేబులో మోగింది. పూర్వం కార్డులు వచ్చేవి చూడండి, పది మందికి రాస్తే మంచి జరుగుతుందని. స్వామి ఇప్పుడు సెల్లులోకి మారేడనుకున్నాను."

"ఎవరినీ అడగలేదా?"

"అడక్కేం. రీఛార్జి కొట్టు వీరబాబుని అడిగేను. మంచి మెసేజేనండి, పది మందికి పంపమని ఉంది, అన్నాడు. వాడి చేతే పంపించేను. పంపుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. భక్తి తక్కువ."

"అది దేవుడిది కాదు బావగారూ."

"మరి?"

"అది... ఆ జబ్బు గురించండి."

"ఏ జబ్బు?"

"అదేనండి. గోడల మీద రాస్తారు కదా."

"మలేరియానా?"

"కాదండి."

"బోదకాలా?"

"కాదండి బాబూ. ఇంట్లో ఆడవాళ్ళున్నారు, ఎలా చెప్పమంటారు."

"ఉండండి. అమ్మాయ్ వాణీ, నా సెల్లు పట్రా. మావయ్యగారొచ్చేరు. ఇందులో ఏముందో చదువు."

"ఇప్పుడా నాన్నగారూ?"

"ఇప్పుడే. డిగ్రీ చదువుతున్నావు, ఆ మాత్రం రాదా?"

"వచ్చండి. పొయ్యి మీద పాలు పెట్టేను."

"అమ్మ చూసుకుంటుందిలే. చదువు."

"'పెళ్ళికి ముందు అమ్మాయి, అబ్బాయి ఇద్దరూ హెచ్ఐవి పరీక్ష చేయించుకోండి. పెద్దాసుపత్రిలో డబ్బులు తీసుకోరు. మీ పేరు బయటికి రాదు. ఈ మాట 10 మంది స్నేహితులకి పంపండి.' అంతే నాన్నగారూ."

"శివ శివా. నాకు ఎవడు పంపేడిది?"

"మీక్కాదు, నాకు వచ్చింది. కుర్రాళ్ళకి తెలియాలని పెద్దాసుపత్రి వాళ్ళు కాలేజీకొచ్చి అందరి నెంబర్లూ రాసుకున్నారు. ఇంట్లో ఉన్నది మీ సెల్లొకటే కదా. మా క్లాసులో అందరూ నాన్నగార్ల నెంబర్లే ఇచ్చేరు."

"అంటే పిల్లలకి చెప్పాల్సినవన్నీ తండ్రుల జేబుల్లోకొస్తున్నాయా?"

"మీరు మాకు చెప్తారనేమో నాన్నగారూ."

"లోపలికెళ్ళు ముందు. బావగారూ, అబ్బాయిని శంకించి పంపింది కాదండి. స్వామి మీద ఒట్టు. షావుకారు ఫోనెందుకు ఎత్తట్లేదో ఇప్పుడర్థమైంది. పురోహితుడు గారు మాత్రం శుభం అన్నారు."

"ఆయనకీ ఇంగ్లీషు రాదేమో లెండి."

"ఈ కాస్తకీ సంబంధం వదులుకోకండి. శుభలేఖలు పంచేసేం. ఇప్పుడిది తప్పితే మా అమ్మాయి గురించి ఊరంతా ఏమనుకుంటుందో మీకు తెలీదా. పరీక్షా వద్దు, ఏమీ వద్దు, ఆ మాటే ఎత్తం. ఇదిగో, మీ ఎదురుగానే తీసేయిస్తాను. అమ్మాయ్..."

"తియ్యకండి. ఉండనివ్వండి."

"కోపం పోలేదన్నమాట."

"నాకు కోపమెందుకండి. నాకూ ఆ అక్షరాలు రావు. నా సెల్లులో అది మావాడే చదివి పెట్టేడు."

"సతీష్ బాబా? నవ్వుకున్నాడా?"

"నవ్వలేదండి. ఎవరు పంపేరన్నాడు. మీ మావగారే అన్నాను. ఆ పూట భోజనానికి లేవలేదు. మర్నాడు పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చేడు."

"ఎందుకండి?"

"మీరు అడిగేరనుకున్నాడండి. పెద్దాయన నోరు తెరిచి అడగలేక ఇలా పంపేరు నాన్నా, ఆయనకి అబద్ధం చెప్పకూడదు, అన్నాడు. పైఊళ్ళల్లో పని చేసొచ్చేడు కదా, అప్పట్నుంచీ మనసులో ఏదో అనుమానం ఉందట. వాడు చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు."

"పరీక్ష... చేయించుకున్నాడా?"

"ఆయ్."

"ఏమన్నారు?"

"ఉందన్నారండి. మందులిస్తారట, మానకుండా వాడితే బతుకుతాడన్నారు. పెళ్ళి ఆపమని వాడే నన్ను పంపేడు. మీరు పూతరేకులంటుంటే నోరు రాలేదు."

"కూర్చోండి బావగారూ. ముందు కూర్చోండి."

"మంచి జరుగుతుందనే పంపేరు కదండీ. మీ అమ్మాయికి జరిగింది."