టోమాసి గారి లంక ఓట్లు

ఎవరు, ఆ ఫోటోలో పూలచొక్కా ఆయనా? మా గవర్నర్ టోమాసి గారమ్మా రేణూ. కాలిఫోర్నియాకి కాదులే, నవ్వకు. ఈ శాన్ రామన్ రాకముందు నేనూ మీ వసుమతి ఆంటీ పసిఫిక్‌లో ఓ చిన్న దీవిలో ఉండేవాళ్ళం. అదీ అమెరికాదే, నేనక్కడ హాస్పిటల్లో డాక్టర్ని. ఆ కొబ్బరిపాల చేపల కూర ఉందే... సరే, అది వదిలెయ్. అప్పటిదాకా గవర్నర్‌ని వాషింగ్టన్ వాళ్ళే పంపేవారు. డెబ్భై ఎనిమిదిలో మొదటిసారి మీరే ఎన్నుకోండన్నారు. స్కూల్లో లెక్కలు చెప్పే ఈయన నిలబడి గెలిచాడు! మా దీవికి దూరంగా ఇంకో లంక ఉండేది, అక్కడ డాక్టరూ లేడు, మందూ లేదు. ముందు ఆ లంకకి మెడికల్ బోటు తెప్పించాడు.

ఎనభై రెండులో మళ్ళీ ఎలక్షన్. లంక ఓట్లు దాదాపు అన్నీ ఈయనవే. సాయంత్రం పోలింగ్ అయ్యాక పెట్టెలు ఆ బోటులోనే రావాలి, ఆ రోజే అందకపోతే లెక్కపెట్టరు, అదీ రూలు. మధ్యాహ్నం లంక నుంచి బోటు కెప్టెన్ రేడియోలో, "డాక్టర్, ఇక్కడో అమ్మాయికి బిడ్డ అడ్డం తిరిగింది. సముద్రం పొంగుతోంది, ఇప్పుడు అటొస్తే ఇవాళ మళ్ళీ ఇటు రాలేను. పెట్టెలకోసం ఆగనా?" అన్నాడు. గవర్నర్‌కి ఫోన్ చేశా. ఆ అమ్మాయి సాయంత్రందాకా ఆగగలదా అనడిగాడు, కష్టమన్నా. తర్వాత, "అమ్మాయిని తెమ్మనండి. మీరు ఆపరేషన్‌కి రెడీ చేసుకోండి" అన్నాడు.

తల్లీబిడ్డా దక్కారు. పెట్టెలు లంకలోనే ఉండిపోయాయి, ఆయన ఓడిపోయాడు. జనమంతా "కోర్టుకి పోదాం" అని గోల. ఈయనేమో వార్డుకొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఆ పిల్ల తలొంచుకుని, "సార్, నేను ఓటేసుంటే అవతలాయనకే వేసేదాన్ని" అంది. ఒక్క క్షణం చూసి, "అయితే నాకో ఓటు తేడా తగ్గించావమ్మా!" అని ఒకటే నవ్వు!

కోర్టుకి వెళ్ళలేదు. "రూలు మార్పిద్దాం" అన్నాడు. గెలిచినాయన ఆఫీస్‌కే తిరిగి తిరిగి, సముద్రం అడ్డమొస్తే పెట్టెలు ఎప్పుడొచ్చినా లెక్కపెట్టాలని చట్టం చేయించాడు. ఎనభై ఆరు ఎలక్షన్లో మళ్ళీ నిలబడ్డాడు, మళ్ళీ తుఫానే. బోటు రాలేదు. పిల్లాపాపలతో ఊరంతా రేవులో కూర్చుని పాటలు పాడుతూ ఎదురుచూశాం. చివరికి బోటు కనబడగానే ఈయన ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగిపోయాడు. పోటీ చేసినాయన్ని కేకేసి, "రావయ్యా, నువ్వో పక్క పట్టు!" అన్నాడు. ఎవరు గెలుస్తారో తెలీదు, ఇద్దరూ తడుస్తూ పెట్టె మోసుకొస్తున్నారు...

ఆ, గెలిచాడులే. ఆ లంక ఓట్లతోనే.

పోయి చాలా ఏళ్ళయింది.

...గ్యారేజ్ చప్పుడైంది, మీ ఆంటీ వచ్చినట్టుంది. నీ కారు కాస్త పక్కకి తీయమ్మా, అడ్డంగా పార్క్ చేశావు.