పదకొండో సంచి

పదకొండు ఇళ్లవాళ్లు తాము ఏరిన గుమ్మడి గింజలను ఒకే బేసిన్‌లో కలిపి, మళ్లీ తలా కాస్త పంచుకునే రోజది. పది సంచులు ఖాళీ అయ్యాయి. చివరిది ఒక అమ్మాయి ఒళ్లోనే ఉంది.

“పొయ్యవే, ఏం చూస్తున్నావు?”

“నావి వద్దు పెద్దమ్మా. చెడిపోయాయి.”

“పురుగు పట్టిందా?”

“లేదు. మన రకం కాని బెరకు మొక్క కనబడితే పీకెయ్యాలి కదా. ఒకటి పీకలేదు.”

“చూళ్లేదా?”

“చూశాను. పొద్దున్నే వెళ్తే దాని పువ్వుల్లో తేనెటీగలు నిద్రపోతుండేవి. రేపు పీకుదాంలే అనుకుంటూనే కాయలు దిగిపోయాయి. దాని పుప్పొడి చేనంతా తిరిగే ఉంటుంది. తొమ్మిదేళ్లుగా అందరూ పడ్డ కష్టం నా వల్ల పాడైతే?”

“కాయ ఎలా ఉంది?”

“వంకర మెడ. కానీ కోస్తే వంటగదంతా తొలి వాన వాసన.”

“ఊఁ... మన గుమ్మడికి ఇంత తీపి ఎలా వచ్చిందనుకున్నావు?”

“మీరంతా ఏరి ఏరి తెచ్చిందే కదా.”

“మూడో ఏడు నా చేలో ఒక మొక్కకి ఆకుల నిండా వెన్నెల చల్లినట్టు మచ్చలు. పీకడానికి చెయ్యి రాలేదు. నోరు మెదపకుండా ఇదే బేసిన్‌లో పోసేశాను. తీపి ఆ మరుసటేడు నుంచే.”

“ఎవరికీ చెప్పలేదా?”

“ఇదిగో, నీకే చెప్పడం. మిగతావాళ్లు ఏమేం పీకలేదో నేనూ అడగలేదు.”

పదకొండో సంచిలోని గింజలు బేసిన్‌లోకి గలగలా జారాయి.

“మోచేతి దాకా పెట్టి కలుపు.”

“పెద్దమ్మా, నావి ఏవో అప్పుడే తెలియట్లేదు.”

“నావి ఆరేళ్లుగా వెతుకుతున్నాను.”