పోర్టులో ఆగిన ఓడ

ఈ సంగతి నాకు శరత్‌చంద్ర గారు చెప్పారు. వారు చోడవరంలో బ్యాంకు అధికారి. అవసరానికి మించి ఒక్క మాటైనా ఆడని మనిషి. తరువాత టీ బడ్డీ కనకదుర్గను విడిగా అడిగాను. ఇద్దరి మాటలకూ తేడా రాలేదు గనుక నమ్మి రాస్తున్నాను.

ఆ రోజు ఉదయం నుంచి శరత్‌చంద్ర గారింట్లో ఇంటర్నెట్ లేదు. వారమ్మాయి ఫణిశ్రీకి సాయంత్రం నాలుగింటికి ఉద్యోగపు ఇంటర్వ్యూ. అదీ కంప్యూటర్ తెర మీదే. కంపెనీ మనిషి మర్నాటికి గానీ రానన్నాడు. ఎవరో పెదబాబు పేరు చెప్పారు. పెదబాబుది రోలుగుంట, చెరకు వ్యవసాయం; ఫోను కొన్న నాటి నుంచీ నెట్‌లో నిపుణుడు.

శరత్‌చంద్ర గారు వెతుక్కుంటూ కనకదుర్గ బడ్డీకి వెళ్లేసరికి అతడు బల్ల మీద ఆసీనుడై ఉన్నాడు. మాటకు అడ్డు వెళ్లడం మర్యాద కాదని వారు బల్ల చివర కూర్చున్నారు.

"పొద్దున అనంతరామయ్యగోరింటికి ఎల్లేను. నెట్ రాట్లేదంట. అందరూ ఏటి సేస్తారు? స్విచ్చి తీసి ఏస్తారు. నాను డబ్బా ముట్టుకోనేదు. ఫోన్లోంచే రూటర్ లోపలికి దిగిపోయేను. పాస్‌వర్డ్ అడిగింది. ఒకటి నించి ఎనిమిది దాకా వరసాగ్గా కొట్టేను, తలుపు తీసేసింది!"

తమ పాస్‌వర్డూ అదేనని శరత్‌చంద్ర గారికి స్ఫురించింది. చాలామందిదీ అదే కదా అని సమాధానపడ్డారు.

"లోపల అడ్వాన్స్‌డ్ రూటింగని ఉంటది. అంటే ఏటి? నెట్టు ఏ దారిన రావాలో మనం సెప్పడం. ఇన్నాళ్లూ అది అనకాపల్లి రోడ్డున గోతుల్లో పడి లేచి వస్తంది. స్టాటిక్ రూట్ కొట్టి సీడికాడ కొండల మీంచి తిప్పేసేను. పల్లం కదా, జారుకుంటా వస్తది."

"కొండ మీద సలికి వణికిపోదేటి?" అన్నాడు ఆటో శివాజీ.

"వణికింది. అందుకే టీవీలో బొమ్మ అదిరింది. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? పోర్ట్ ఫార్వర్డింగంది. విశాఖపట్నం జిల్లాలో పుట్టినోడికి పోర్టంటే ఎవులైనా సెప్పాలేటి? నొక్కేసేను. అక్కడ పోర్టులో సింగపూరు పోతన్న ఓడ టక్కున ఆగిపోయింది! కెప్టెన్ ఫోను సేసేడు, 'పెదబాబూ, మీ ప్యాకెట్లు అడ్డొస్తన్నాయి, దారియ్యండి' అని. లైన్లో నిలబడమన్నాను."

"ఏటి ప్యాకెట్లు, బెల్లమా?" అంది కనకదుర్గ.

"డేటా ప్యాకెట్లే తల్లీ! సముద్రం నిండా అవే. సేపలు మింగేసేయి. భీమిలిలో వంజరం కోస్తే లోపల్నించి రింగ్‌టోన్!"

నాలుగు కావస్తోంది. శరత్‌చంద్ర గారు గొంతు సవరించుకున్నారు.

"ఇంతకూ అనంతరామయ్య గారికి నెట్ వచ్చిందా అండీ?"

"వస్తది బాబూ, సింగపూరులో బయల్దేరింది. అసలది మామూలు రూటరా? ఫోన్లో వైఫై కాడ ముందే పేరు పడింది. జపానోడి కంపెనీ. ఫణిశ్రీ!"

అనంతరామయ్య గారి గోడకు ఆనుకున్న ఇల్లే శరత్‌చంద్ర గారిది. వారు గ్లాసు కింద పెట్టారు.

"ఫణిశ్రీ కంపెనీ కాదండీ, మా అమ్మాయి. మా వైఫైకి దాని పేరే పెట్టాం. పొద్దున మీరు దిగింది మా ఇంటి రూటర్లోకి. నాలుగింటికి దానికి ఇంటర్వ్యూ."

"ఒరే, ఓడనొగ్గీరా, ఎల్లిపోనీ!" అన్నాడు శివాజీ.

ఇంట్లో అందని ఫోను సిగ్నల్ బడ్డీ దగ్గర అందుతుంది. ఫణిశ్రీ కంప్యూటర్ తెచ్చుకుని, తండ్రి ఫోన్లోని నెట్ ఆధారంగా, ఆ బల్ల మీదే కూర్చుంది. కనకదుర్గ స్టవ్ ఆపేసింది. పెదబాబు రోడ్డుకు అడ్డంగా నిలబడి, హారన్ కొట్టవద్దని ప్రతి బండికీ చేతులు జోడించాడు. అంతసేపూ అతడు నోరు విప్పలేదని కనకదుర్గ నేటికీ ఆశ్చర్యపడుతుంది.

ఫణిశ్రీకి ఉద్యోగం వచ్చింది. అనంతరామయ్య గారింట్లో వైరును ఎలుక కొరికిందని మర్నాడు తేలింది. శరత్‌చంద్ర గారు పాస్‌వర్డ్ మార్చారు. ఏమని మార్చారో నాకు కూడా చెప్పలేదు. శివాజీ ఇప్పుడు పెదబాబును కెప్టెన్ అని పిలుస్తాడు. పెదబాబు రూటర్ల జోలికి పోవడం లేదు. ఓడ సంగతి అడిగితే మాత్రం గంభీరంగా అంటాడట:

"ఇంకా ఆగే ఉంది బాబూ. పాస్‌వర్డ్ మార్చేసేరు కదా, నానేటి సేసేది?"