అక్కకి సవతైన స్థలం

పట్టా చేతిలో ఉంటే భయమేంటి తాతా అంటావా? కూర్చో, అలా కూర్చో. మా టైలరు బావ చేతిలోనూ ఉండేది ఇంటిస్థలం పట్టా, గుండ్రటి ముద్రతో సహా. బావంటే మా అక్క మొగుడు. నువ్వు చూళ్లేదులే, నువ్వేంటి, మీ నాన్నకే సరిగ్గా గుర్తుండదు. చిక్కేంటంటే, అదే స్థలానికి అలాంటి పట్టానే ఒక తాపీమేస్త్రీ దగ్గరా ఉంది. ఆఫీసుకెళ్తే గుమాస్తా రెండూ తిరగేసి, "రెండూ అసలువేనండీ, మేమిచ్చినవే" అన్నాడు. సంతకం పెట్టినవాడు బదిలీ అయిపోయాడట! "మా అధికారి వచ్చి చూస్తారు, ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లది" అన్నాడు. ఎప్పుడొస్తారయ్యా అంటే, "వస్తారు" అన్నాడు.

ఇంకేముంది! బావ కుట్టుమిషను మోసుకెళ్లి ఆ స్థలంలో ఒక రేకు కింద పెట్టాడు. ఆ చివర మేస్త్రీ ఇటుకలు పేర్చుకుని బైఠాయించాడు. తిండీ నిద్రా అక్కడే ఇద్దరికీ, ఏళ్ల తరబడి. మేస్త్రీ చొక్కా చిరిగితే బావే కుట్టేవాడు, తిడుతూనే. "నా స్థలానికి ఎసరు పెట్టినవాడికి గుండీలు కూడా నేనే కుట్టాలి, ఖర్మ!" అక్కేమో కేరేజీలో ఇద్దరికీ సరిపడా అన్నం పంపేది. "ఆ స్థలం నాకు సవతిరా తమ్ముడూ, మీ బావ కాపురం దాంతోనే" అని నవ్వేది. నవ్వేదే గానీ, సొంత ఇల్లంటే దానికి ఎంత ఆశో నాకు తెలుసు. అద్దెవాటాలు మారీ మారీ విసిగిపోయింది పిచ్చిది.

ఆ అక్క ఆసుపత్రిలో పడింది. "బావా, నిన్నే అడుగుతోంది, ఒక్కసారి రా" అని కాళ్లావేళ్లా పడ్డాను. మిషను ముందు నుంచి లేవలేదురా మనిషి! "ఇవాళో రేపో అధికారి వస్తాడట. చూసి వెళ్లగానే వస్తా. ఇల్లు కట్టి అందులోకే తీసుకెళ్తానని చెప్పు" అన్నాడు. చెప్పాను. తలుపు వైపే చూస్తూ పోయింది.

అప్పుడొచ్చాడు బావ. వచ్చి ఏం లాభం? మేస్త్రీ కూడా వచ్చాడు, ఆమె చేతి అన్నం తిన్నానంటూ పాడె మోయడానికి భుజం ఇచ్చాడు. సరిగ్గా ఆ పూటే తగలడ్డాడు అధికారి! మిషనూ ఇటుకలూ వదిలేసిన సామానట. "ఎవరి స్వాధీనంలోనూ లేదు" అని రాసుకుని రెండు పట్టాలూ రద్దు చేసి పారేశాడు. అప్పీలు చేసుకోవచ్చట. ఎవరి కోసం చేసుకుంటాడ్రా? ఆ కబురు విని బావ ఏడవలేదు, అరవలేదు. మేస్త్రీ చేతులు రెండూ పట్టుకుని, "నువ్వన్నా అక్కడ ఉండాల్సిందయ్యా" అన్నాడు.

ఊఁ... ఏంటి, కళ్లా? ఏం లేదు. ఆ కిటికీ వెయ్యి, దుమ్మొస్తోంది.